పాత కంప్యూటర్లు, కొత్త ప్రోగ్రాములు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు పాతబడినంత మాత్రాన పనికిరానిదవుతుందా అన్న ప్రశ్న ప్రతి పాఠశాలలోను ఏదో ఒకనాడు తలెత్తేదే. యంత్రం బాగానే ఉన్నా, దానికి సరిపడే ప్రోగ్రాములు తయారుచేసే మనిషి లేక అది మూలబడుతుంది.

ప్రతి ప్రాసెసరుకు తనదైన ఆజ్ఞల పట్టిక ఒకటి ఉంటుంది. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును, 1970వ దశకంలో టి.డి.సి.-316ను రూపొందించింది. మొదటిది 12 బిట్ల యంత్రం, రెండవది 16 బిట్లది. ఒకే సంస్థ బిడ్డలైనా ఒకదాని యంత్రభాష రెండవదానికి తెలియదు. వేర్వేరు జాతుల మధ్య ఇది సహజమే. ఒకే కుటుంబంలో వచ్చే చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది.

మోటరోలా కంపెనీ 1979లో 68000 అనే ప్రాసెసరును వెలువరించింది. 1984 నాటి మాకింతోష్, 1985 నాటి అమీగా, అటారి ఎస్.టి. దానితోనే నడిచాయి. ఆ వంశంలోనే 68020, 68030, 68040, 68060 వచ్చాయి. బేసి సంఖ్య గల చిరునామా నుండి రెండు బైట్లను ఒక్కసారిగా తీయమంటే 68000 పని ఆపివేస్తుంది; 68020 మారుమాట లేకుండా తీస్తుంది. కనుక రెండవదానిపై పరీక్షించి బాగున్నదనుకొన్న ప్రోగ్రాము మొదటిదానిపై కూలిపోవచ్చు. కొత్తది పాతదాని విద్యలన్నీ నేర్చి ఉంటుందనుకోవడమూ పొరపాటే. వేగంలో అన్నిటికంటె మిన్న అయిన 68060, రెండు 32 బిట్ల సంఖ్యలను గుణించి 64 బిట్ల ఫలితమిచ్చే ఆజ్ఞను వదలివేసింది. మనుమడు కిలోలు, లీటర్లు నేర్చి తాతగారి కుంచం, మానిక మరచినట్లన్నమాట. తాతగారి లెక్కల కాగితం ఇంట ఉన్నంతకాలం ఎవరో ఒకరు పక్కన కూర్చుండి చదివి చెప్పవలసిందే. ఆ పని ఇక్కడ ఒక చిన్న సాఫ్ట్‌వేరు చేస్తుంది. వేగం మాత్రం తగ్గుతుంది.

కాబట్టి ప్యాకేజీని నిర్వహించేవారికి రెండే దారులు. ఒక్కొక్క ప్రాసెసరుకు ఒక్కొక్క కూర్పు చేస్తే ప్రతి చిన్న సవరణకూ శ్రమ ఐదింతలు. అందరికీ అర్థమయ్యే ఆజ్ఞలతో ఒకే కూర్పు చేస్తే అన్నిటా నడుస్తుంది గాని, పై తరాల శక్తి వృథా. కొద్దిమంది మనుషులు ఉన్నచోట ఈ రెండవదే వివేకం.

1998 జూలైలో వెలువడిన డెబియన్ 2.0లో ఇంటెల్‌తో పాటు ఈ కుటుంబానికీ అధికారికంగా చోటు దక్కింది. లినక్సుకు కావలసిన మెమరీ నిర్వహణ విభాగం లేని 68000ను వదలి, 68020 మొదలుకొని పైవాటికి ఒకే కూర్పు చేశారు. పెద్ద ప్యాకేజీ తయారీకి ఆ యంత్రాలపై రోజులు పట్టేది. అందుచేత పనిని అనేక యంత్రాలకు పంచే స్వయంచాలక ఏర్పాటు ఒకటి ఈ కుటుంబం కొరకే మొదట పుట్టి, తరువాత ఇతర ప్రాసెసర్లకూ వాడుకలోకి వచ్చింది. 2007లో 4.0 విడుదలనాటికి ఈ కుటుంబం అధికారిక జాబితా నుండి తొలగింది. స్వచ్ఛంద కార్యకర్తలు మాత్రం విడిచిపెట్టక వేరుగా కొనసాగించారు.

ఇంత కొద్దిమంది కోసం ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒరిస్సాలో చేరిన తరువాత ఇక్కడి తెలుగు బడులకు ఆ ప్రశ్న కొత్తది కాదు. జవాబు ఉన్నది. ఇంటెల్ ప్రాసెసరు సంఖ్యలోని చిన్న బైటును ముందు దాస్తుంది, 68000 కుటుంబం పెద్ద బైటును ముందు దాస్తుంది. ఇంటెల్‌పై ఏళ్ళ తరబడి కనబడని తప్పు ఇక్కడ మొదటిరోజే బయటపడవచ్చు. ఇంట తెలుగు, బజారులో ఒడియా వినే పొలసర పిల్లవాడు ఏ మాట ఏ భాషదో చప్పున పోల్చుకోవడం వంటిదే ఇది.

మరొక అవసరం ఇంకా దగ్గరిది. యూనికోడు తెలుగు వాడుకలోకి రాకముందు డి.టి.పి.లో కూర్చిన సంచికలు, పాఠాలు ఆయా ఫాంట్లకు, ఆయా ప్రోగ్రాములకు కట్టుబడినవి. ఆ ప్రోగ్రాము నడవనినాడు ఫైలు ఉండీ లేనట్టే. పూర్వ విద్యార్థుల ఇళ్ళలో అటువంటి పాత యంత్రం ఉంటే తూకానికి అమ్మివేయకముందు ప్రాసెసరు పేరు, ఆపరేటింగ్ సిస్టం కూర్పు, వాడిన ఫాంట్ల పేర్లు ఒక చీటీపై వ్రాసి పెట్టెకు అంటించాలి. ఫ్లాపీలలోనివి ముందుగా నకలు తీయాలి. యంత్రంకంటె అవే త్వరగా పాడవుతాయి.