కంప్యూటరునకు మారుప్రతి



ఒక్కటే ప్రతి గల గ్రంథము నష్టమునకు దగ్గరగనే యుండును. కనుకనే 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. కంప్యూటరునకును ఈ నీతియే వర్తించును.

యంత్రమును నడిపించు ఆపరేటింగు సిస్టము హార్డుడిస్కుపై నుండును. ఆ డిస్కు చెడినచో 25 ఏండ్లుగా కూర్చిన గ్రంథముల పట్టికయు, చందాదారుల లెక్కలును దానితోనే పోవును. పత్రములను మాత్రము వేరొకచోట నకలు చేసికొనిన చాలదు. యంత్రము మేల్కొనుటకు మొదట చదువుకొను భాగము ఆ నకలులో రాదు. డిస్కునంతటిని ఉన్నదున్నట్లు తీసిన ప్రతి, అనగా ఇమేజి, కావలెను. 2009లో వచ్చిన విండోస్ 7లో దీనిని డీవీడీలపై తీయు సదుపాయముండెను.

సీడీలో 700 మెగాబైట్లు, సామాన్యమైన డీవీడీలో 4.7 గిగాబైట్లు పట్టును. 20 గిగాబైట్ల ఇమేజికి అయిదు డీవీడీలు వలయును. వానిపై వరుస సంఖ్యయు, తేదియు వ్రాయవలెను. ఒక్కటి పోయినను ప్రతి అసంపూర్ణమగును. చెడిన యంత్రమును మేల్కొలుపుటకు వేరొక డిస్కును సిద్ధముగా నుంచవలెను. ఇమేజి మరింత పెద్దదైనచో విడిగా తగిలించు హార్డుడిస్కు సుకరము.

ప్రతిని యంత్రమున్న గదిలో నుంచరాదు. అగ్నియైనను వరదయైనను రెంటిని కలిపియే తీసికొనిపోవును. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ ప్రతిని వేరొక హార్డుడిస్కుపై నిలిపి, యంత్రము నడచునో లేదో ముందుగనే చూడవలెను. అట్లు చూడని ప్రతి విప్పి చూడని తాళపత్రపు కట్ట వంటిది. పురుగు తిన్న సంగతి అవసరమైన నాడు గాని తెలియదు.