చోటు ఒకటే, దారులు నాలుగు



వారపత్రికల్లోంచి కత్తిరించిన వంటలు, చిట్కాలు, పిల్లల టీకాల కార్డులు, డాక్టరుగారి చీటీలు... మన ఇళ్ళల్లో కాగితాలకేం కొదవలేదు. పరుపు కిందా, దేవుడి గూట్లోనూ, బీరువా పైఅరలోనూ అన్నీ జాగ్రత్తగా దాచినవే! కావలసినప్పుడు మాత్రం కనబడవు.

ముందు అయిదారు పెద్ద కవర్లు తీసుకోండి. వంటలు, వైద్యం, చదువు, డబ్బు, ఇంటి సామాను. అంతకు మించి వద్దు. "ఇతరములు" అని అసలు పెట్టకండి, నెల తిరిగేసరికి అన్నీ అందులోనే చేరతాయి.

అయినా ఓ చిక్కుంది. మెంతికూర పప్పు కాగితం వంటల్లోకా, మామగారి పథ్యం కనుక వైద్యంలోకా?

ఈ చిక్కు గ్రంథాలయాల వాళ్ళకీ ఉన్నదే. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ పుస్తకాలన్నిటినీ పది తరగతులు చేసి అంకెలు వేశాడు. 1933లో మన ఎస్.ఆర్. రంగనాథన్‌గారు, మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారి, ఒక్కొక్క విషయాన్ని అనేక ముఖాలుగా విడదీసి చూసే కోలన్ వర్గీకరణ తెచ్చారు. ఎవరి పద్ధతైనా, పుస్తకం కూర్చునేది ఒక్క అరలోనే కదా! అందుకే రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒకటి, విషయం పేరుతో ఒకటి రాసి పెట్టేవారు.

మనకి కార్డులెందుకు, వంద పేజీల నోటుపుస్తకం చాలు. కాగితం మూల పెన్సిలుతో "వం 7" అని వేయండి, అంటే వంటల కవర్లో ఏడోది. నోటుపుస్తకంలో "పథ్యం" పేజీలోనూ, "ఆకుకూరలు" పేజీలోనూ "వం 7" రాయండి. "చుట్టాలొస్తే", "పది నిముషాల్లో" లాంటి పేజీలు కూడా బాగా పనికొస్తాయి.

మాటలు ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. ఓ రోజు షుగరనీ, ఓ రోజు మధుమేహమనీ, మరో రోజు చక్కెర జబ్బనీ రాస్తే, ఉన్న నాలుగు కాగితాలూ మూడు చోట్ల చెదిరిపోతాయి. ఇంట్లో అందరి నోటా వచ్చే మాట ఒకటి ఖాయం చేసుకోండి. మిగతా మాటల దగ్గర "షుగరు చూడు" అని రాస్తే సరి.

మా వీధిలో ఒకావిడ పుట్టింటికి బయల్దేరిన రాత్రి పిల్లవాడికి జ్వరం ముంచుకొచ్చింది. "ఏ మందులైనా పడవా?" అన్నారు డాక్టరుగారు. పెన్సిలిన్ పడదన్న సంగతి పాత చీటీలో ఉంది. ఆ చీటీ ఎక్కడుందో ఆవిడకే తెలుసు, ఆవిడేమో రైల్లో ఉంది, ఫోను అందదు. తండ్రి బీరువా అంతా కింద పోసి వెతికితే చీటీ దొరికేసరికి అర్ధరాత్రి దాటింది. వైద్యం కవర్లో అది లేకపోలేదు, బిల్లుల మధ్య ఉంది! అందుకే నోటుపుస్తకం మొదటి పేజీకి "పడనివి" అని పేరు పెట్టండి. ఎవరికి ఏది పడదో అక్కడే రాసి, చీటీ అంకె కూడా వేయండి.

ఈ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. వంటింట్లో మేకుకి తగిలించి, మీవారికీ పిల్లలకీ చూపించండి. బ్యాంకు రహస్య సంఖ్యలు మాత్రం ఇందులో రాయకండి.