దున్నని చేలో పాత గొర్రు
(మండల రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వరి కోసిన చేను దున్నకుండా మొక్కజొన్న వేయడం మనకు కొత్త కాదు. మాగాణి మినుముకు పల్లాకు తెగులు, బంగారు తీగ పట్టుకున్నాక తెనాలి, కొల్లిపర వైపు రైతులు తాడు కట్టి, కర్రతో బెజ్జాలు పెట్టి మొక్కజొన్న వేస్తూనే ఉన్నారు. చిక్కల్లా కూలీల దగ్గరే. కోతలు అందరివీ ఒకేసారి వస్తాయి, పదును మనకోసం ఆగదు. కొత్త యంత్రం సబ్సిడీలో తీసుకోవాలంటే పాసు పుస్తకం అడుగుతారు. మనలో చాలామందిమి కౌలుదార్లం. అందుకని ఐదుగురం కలిసి, షెడ్డులో తుప్పు పడుతున్న పాత ట్రాక్టర్ విత్తన గొర్రునే మార్చుకున్నాం. మొదటి ఏడు దెబ్బతిన్నాం. ఆ సంగతే ముందు చెబుతాం.

పాత గొర్రు కర్రులు దున్నిన నేల కోసం చేసినవి. గట్టి చేలో దించితే పెళ్ళలు లేపి పదును ఆరబెడతాయి. వాటిని తీసేసి, తలకిందులైన 'టీ' అక్షరం ఆకారంలో సన్న కర్రులు వెల్డింగ్ షాపులో చేయించి బిగించాం. ఇవి నేలను పైన సన్నగా చీల్చి, అడుగున గింజకు చోటిస్తాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ తొందరపడి, చేను తడిగా ఉండగానే దిగాం. నల్లరేగడి కదా! చీలిక గోడలు మెత్తినట్టు నున్నగా అయి, ఎండకు నోరు తెరిచాయి. పిట్టలు, ఎలుకలు తిన్నవి పోను మిగిలిన గింజలు ఎండిపోయాయి. రెండెకరాలు మళ్ళీ చేత్తో విత్తించాం.

ఇప్పుడు గింజ పడే లోతున, అంటే రెండంగుళాల కింద మట్టి తీసి పిసికి చూస్తున్నాం. చేతికి అంటుకుంటే ఆగుతాం. ఉండ కట్టి, వేలితో పొడిస్తే విడిపోతే ట్రాక్టర్ దించుతాం. ప్రతి కర్రు వెనకా స్ప్రింగుతో అదిమే ఇరుకు చక్రం పెట్టాం. చీలిక మూసేది అదే. డబ్బు చాలకపోతే మిగతావి ఆపండి గానీ దీన్ని ఆపకండి.

గింజలు వదిలే చక్రం వరి కొయ్యల మీద జారి తిరగడం మానేసేది. దాని అంచుకు ఇనుప ముక్కలు అతికించాం. చట్రం పైకి లేవకుండా ఇసుక బస్తాలు వేశాం. గడ్డి ఇరుక్కోకుండా కర్రులను రెండు వరసల్లో ముందూ వెనకా బిగించాం. ఎరువు గొట్టం గింజ మీదికి రాకుండా రెండంగుళాలు పక్కకు జరపాలి, లేకపోతే మొలక మాడుతుంది. ముందు డిస్కులు కూడా పెట్టి చూశాం. పొద్దున్నే మంచుకు తడిసిన గడ్డి తెగదు, గింజతో పాటు చీలికలోకి దిగిపోతుంది. మంచు ఆరాకే మొదలుపెట్టండి. కోత మిషను వదిలిన గడ్డి వాములను ముందే చెదరగొట్టండి.

సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, గింజకు గింజకు 20 అనుకుంటే, 10 మీటర్ల సాలులో 50 గింజలుండాలి. మొదటి చుట్టు కాగానే తవ్వి లెక్కపెట్టండి. డ్రైవరు తొందరపెడతాడు, పెట్టనివ్వండి.

దున్నని చేలో కలుపు మందు తప్పదు. పారాక్వాట్ కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఆ సీసా ఇంట్లో ఉంచకండి.

బెజ్జాలు పెట్టే అక్కల కూలీ ఏమవుతుందని మొన్న ఒకామె నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. మా చేలల్లో సందులు నింపే పని, కోత పని వాళ్ళకే ఇస్తున్నాం. అది పోయిన పనికి సరిపోదు. దీని మీద సంఘంలో విడిగా కూర్చోవాలి.

గొర్రు ఇక్కడే, షెడ్డు ముందు పెట్టాం. కొలతలు తీసుకోవాలనుకునేవాళ్ళు టేపు తెచ్చుకోండి. భోజనాలయ్యాక కర్రులు విప్పి చూపిస్తాం.