‘మొద్దు’ అనే ముందు కళ్లు చూపిద్దాం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిలు, పింఛను లెక్కలు, వైద్య ఖర్చుల బిల్లులు మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు “మాస్టారూ, పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. ముప్ఫై నాలుగేళ్లు బడిలో పనిచేసినవాణ్ని. అయినా బడిలో ఉండగా నాకు తెలియక, ఉద్యోగ విరమణ తర్వాత తెలుసుకున్న సంగతే ఈరోజు మనవి చేస్తాను.

1988లో నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ని. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. విన్న పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. పుస్తకం తీసి చదవమంటే మాత్రం మొదటి నాలుగు వరుసలు సాఫీగా చదివి, ఆ తర్వాత తడబడేవాడు. ఒక వరుస వదిలేసి కింది వరుసలోకి పోయేవాడు. తలనొప్పి అనేవాడు. “చదవమంటేనే వస్తుందిరా నీకు తలనొప్పి” అని తరగతి అందరి ముందూ ఎద్దేవా చేశాను. బెత్తం కూడా వాడాను. వాడు పదో తరగతి తప్పి చదువు మానేశాడు. వాడి చూపులో లోపం ఉందని ఈరోజు నేను తేల్చి చెప్పలేను, ఎందుకంటే ఎవరూ పరీక్షించలేదు. పరీక్ష చేయించాలని నాకు తోచలేదు. నా తప్పు అదే.

మూడేళ్ల కిందట మా మనవరాలు ఐదో తరగతిలో ఉండగా అదే కథ మా ఇంట్లో మొదలైంది. కథలు చెబితే చెవులు రిక్కించి వినేది. పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేకపోయేది. బడిలో జరిగిన కంటి పరీక్షలో 6/6 అని చీటీ రాసిచ్చారు. ఇంకేం, కళ్లు బాగున్నాయి కనుక బద్ధకమే అని తీర్మానించాను. ఒకనాడు మా కోడలు, “మామయ్య గారూ, చదివేటప్పుడు ఇది ఒక కన్ను చేత్తో మూసుకుంటోంది, చూశారా?” అంది. రోజూ పక్కన కూర్చుని చదివిస్తున్నది నేనే. నేను చూడలేదు.

కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. ఆప్టోమెట్రిస్టు ఒక పెన్సిల్ మొనను పాప ముక్కు వైపు మెల్లగా తీసుకువచ్చింది. మామూలుగా బెత్తెడు దూరం దాకా రెండు కళ్లూ లోపలికి తిరిగి ఆ మొనను ఒకటిగా చూడగలగాలి. మా పాపకు 15 సెంటీమీటర్ల దగ్గరే ఒక కన్ను పక్కకు జారిపోయింది. “ఇప్పుడు ఎన్ని పెన్సిళ్లు?” అంటే “రెండు” అంది. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడిగితే, “అందరికీ అలాగే కనిపిస్తుందనుకున్నాను తాతయ్యా” అంది. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

దీనిని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. దగ్గరి వస్తువు మీద రెండు కళ్లనూ కలిపి నిలపలేకపోవడం. బడిలో గోడకు తగిలించే అక్షరాల పట్టికను 1862లో స్నెలెన్ అనే డచ్చి వైద్యుడు తయారుచేశాడు. అది ఆరు మీటర్ల దూరంలో ఒక్కొక్క కన్ను ఎంత స్పష్టంగా చూస్తుందో చెబుతుంది. ఎంతో విలువైన పరీక్ష. అయితే పుస్తకం ఉండేది ఆరు మీటర్ల దూరంలో కాదు, మూరెడు దూరంలో. చదివేది ఒక కంటితో కాదు, రెండింటితో. ఆ సంగతి ఆ పట్టిక చెప్పదు.

డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది మరికొంత చెబుతాను. కొందరు పిల్లలకు ఒక కంటి చూపు మసకగా ఉంటుంది. మెదడు ఆ కన్ను పంపే బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని సోమరి కన్ను అంటారు. రెండో కన్ను బాగుంటుంది కనుక బిడ్డకు ఏ లోటూ తెలియదు. పరీక్షలో చేతివేళ్ల సందుల్లోంచి చూసి గట్టెక్కేస్తాడు కూడా. కళ్లద్దాలు పెట్టి, మంచి కన్నును రోజుకు కొన్ని గంటలు మూసి ఉంచితే చూపు మెరుగవుతుంది. ఏడేళ్ల లోపు మొదలుపెడితే మేలు. ఏడు దాటిన పిల్లల్లో కూడా చాలామందికి ఫలితం ఉంటుందని 2005లో అమెరికాలో వెలువడిన పరిశోధన చూపింది కనుక ఆలస్యమైందని వదిలేయకూడదు. ఇంకొందరికి దగ్గరి చూపు కోసం కన్ను అదేపనిగా శ్రమపడుతుంది. కంట్లో చుక్కల మందు వేసి పరీక్షిస్తేనే ఆ లోపం బయటపడుతుంది.

మరికొందరికి కన్ను బాగానే ఉంటుంది, చూసినదాన్ని అర్థం చేసుకునే మెదడు భాగంలో ఇబ్బంది ఉంటుంది. నెలలు నిండక పుట్టిన వారిలో, పుట్టినప్పుడు ప్రాణవాయువు అందక ఇబ్బంది పడిన వారిలో ఇది కనిపిస్తుంది. కిక్కిరిసిన పేజీలో కావలసిన బొమ్మ వెతకలేరు, గుంపులో తల్లిని పోల్చుకోలేరు. పేజీకి కొద్ది అక్షరాలే, ఎడంగా, పెద్దవిగా ఇస్తే చదవగలుగుతారు.

ఇక మా పాప వైద్యం. వారానికొకసారి ఆసుపత్రిలో, రోజూ పావుగంట ఇంట్లో వ్యాయామాలు, పన్నెండు వారాలు. 2008లో అమెరికాలో 221 మంది పిల్లల మీద జరిపిన పరిశోధనలో ఈ పద్ధతిలో 73 శాతం మందికి గుణం కనిపించింది. ఇంట్లో పెన్సిల్ వ్యాయామం మాత్రమే చేసినవారిలో 43 శాతం. ఉత్తుత్తి వ్యాయామాలు చేయించిన వారిలోనూ 35 శాతం. కాబట్టి ఇంట్లో పెన్సిల్ ఒక్కటీ తిప్పితే చాలదని అర్థమైంది. రోజూ పాప పక్కన కూర్చునే పని నాది. పన్నెండు వారాలకు తలనొప్పి పోయింది, అక్షరాలు రెండుగా కనిపించడం పోయింది.

కానీ మార్కులు ఒక్కసారిగా పెరగలేదు. ఈ వ్యాయామాల వల్ల చదివి అర్థం చేసుకునే శక్తి ప్రత్యేకంగా పెరగదని 2019లో వచ్చిన మరో పరిశోధన చెప్పింది. కన్ను అడ్డు తొలగింది, అంతే. వెనకబడిన చదువును మళ్లీ ఓపికగా చెప్పుకోవలసిందే.

ఇక్కడ ఒక హెచ్చరిక. అక్షరాలను శబ్దాలుగా పలకలేక ఇబ్బందిపడే డిస్‌లెక్సియా వేరు. అది కంటి జబ్బు కాదు. నా మిత్రుడొకరు మనవడికి డిస్‌లెక్సియా ఉంటే రంగు కళ్లద్దాల కోసం వేలు ఖర్చుపెట్టారు. రంగు అద్దాలు గాని, కంటి వ్యాయామాలు గాని డిస్‌లెక్సియాను నయం చేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికాలోని పిల్లల వైద్యులు, కంటి వైద్యులు 2009లో కలిసి ప్రకటించారు. ఆ పిల్లలకు కావలసింది అక్షరాన్నీ శబ్దాన్నీ జతచేసి క్రమంగా నేర్పే టీచరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన లోపాలను గుర్తించింది. పరీక్షల్లో అదనపు సమయం వంటి సౌకర్యాలు అడిగి తీసుకోవచ్చు.

మిత్రులారా, తల్లిదండ్రులు ఉద్యోగాల్లో ఉంటే సాయంత్రాలు మనవల దగ్గర కూర్చునేది మనమే. కాబట్టి గమనించవలసిందీ మనమే. చదివేటప్పుడు ఒక కన్ను మూసుకోవడం, తల ఒక పక్కకు వాల్చడం, వరుసలు తప్పడం, వేలు పెట్టనిదే చదవలేకపోవడం, కాసేపటికే కళ్లు నులుముకోవడం, తలనొప్పి, విన్నది వచ్చి చదివింది రాకపోవడం. వీటిలో ఏది కనిపించినా కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. “6/6 సరే, దగ్గరి చూపు, రెండు కళ్ల పొందిక కూడా చూడండి” అని నోరు తెరిచి అడగండి. కళ్లు బాగున్నాయని తేలితే అక్కడితో ఆగకుండా అభ్యసన లోపాల పరీక్ష చేయించండి.

2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ‘కంటి వెలుగు’ పేరుతో ప్రభుత్వాలు ఊరూరా కంటి పరీక్షలు జరిపించాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లలతోనే మొదలుపెట్టారు. అయితే ఏ శిబిరంలోనైనా డాక్టరు బిడ్డను చూసేది కొద్ది నిమిషాలే. మనం రోజూ చూస్తాం. మన సంఘం తరఫున దగ్గరలోని బడులకు వెళ్లి ఉపాధ్యాయులకు ఈ లక్షణాలు చెప్పివద్దామని ప్రతిపాదిస్తున్నాను. మొదటి బడికి నేను వస్తాను.

ఆ ఎనిమిదో తరగతి కుర్రాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఎక్కడైనా ఎదురైతే క్షమాపణ అడగాలని ఉంది. ఎదురుపడే భాగ్యం ఉందో లేదో. వాడిలాంటి మరో బిడ్డను మనలో ఎవరూ మొద్దు అనకుండా ఉంటే ఈ ప్రసంగానికి అదే సార్థకత.