అన్యభాషాభ్యాసము – వ్యాకరణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



అన్యభాషలను నేర్చుటలో వ్యాకరణమునకు గల స్థానమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొనెదను. నేను పండితుడను గాను. లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల గ్రంథములు చదువుకొన్నవాడను. కావున శాస్త్రము చెప్పను, అనుభవము చెప్పెదను.

బాల్యమున నాచేత శబ్దమంజరిని కంఠస్థము చేయించిరి. "రామః, రామౌ, రామాః" అని తడబడక వల్లించెడివాడను. కాని శ్లోకము ముందుంచినచో ఏ పదము కర్తయో, ఏది కర్మయో తెలియక దిక్కులు చూచెడివాడను. పెద్దవాడనైన పిదప ఈ గ్రంథాలయమందే తాత్పర్యసహితమైన వాల్మీకి రామాయణమును ముందు వేసికొని, ఎవడు, ఎవనిని, దేనిచేత, ఎవనికొఱకు అని ప్రశ్నించుకొనుచు చదివితిని. అప్పుడుగదా విభక్తులు నాతో మాటలాడినవి! వల్లించినది వ్యర్థము కాలేదు. దానికి ప్రాణము మాత్రము కథలో వచ్చినది.

మన భాష నేర్చిన ఆంగ్లేయుని సంగతి చూడుడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మదరాసు చేరి తెలుగు నేర్చెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. 1840లో తెలుగు వ్యాకరణమును వెలువరించెను. అంతటితో ఆగక, తెలుగు నేర్చువారికొఱకు "తెలుగు రీడర్" అను వాచకమును కూర్చెను. అందున్నవి ఉత్తరములు, పోలీసు, రెవెన్యూ వ్యవహారపు కాగితములు. వానికి ఇంగ్లీషు అనువాదము, వ్యాకరణమును వివరించు టిప్పణములు, చిన్న నిఘంటువు. వ్యాకరణకర్తయే వ్యాకరణమును వ్యవహారములోనికి దింపినాడు!

ఇంగ్లీషున "వుయ్" అను నొక్కమాటకు మనకు "మేము", "మనము" అని రెండు గలవు. రెండింటి కెదుటను ఒకే అర్థము వ్రాసికొన్న దొర, ఇంటికి వచ్చిన అతిథితో "లెండు, మేము భోజనము చేసెదము" అనినచో ఆ అతిథి గతి యేమి? ఎదుటివానిని కలుపుకొన్నది "మనము", విడిచినది "మేము" అను సూత్రమును విస్తరిముందు ఒక్కసారి వినినవాడు మఱువడు.

మన పిల్లల యింగ్లీషు కష్టమును ఇట్టిదే. "ఎ", "ది" అనువానివంటి ఉపపదములు తెలుగున లేవు. నిర్వచనములు వల్లించియు పరీక్షలో తప్పుచున్నారు. కథగా చెప్పి చూడుడు: "ఒక రాజు గలడు. ఆ రాజునకు ఇద్దరు కొడుకులు." తొలిసారి "ఒక రాజు", కనుక "ఎ కింగ్"; పరిచయమైన పిమ్మట "ఆ రాజు", కనుక "ది కింగ్". ఈ పోలిక అన్నిచోట్ల చెల్లదు. "ది సన్" అనుచోట సూర్యుని ముందుగా పరిచయము చేయ బనిలేదు. ఐనను ద్వారము తెఱచుకొనును. తరువాత సూత్రము చెప్పవలెను. ఆపైన పిల్లవానిచేతనే మఱియొక కథ చెప్పింపవలెను.

సూత్రమును నిరసించుట నా యుద్దేశము కాదు. గట్టు లేనిదే చెఱువు నిలువదు. కాని నీరే లేని చెఱువునకు గట్టు వేసి ఫలమేమి?

ఇంగ్లీషు వ్యాకరణమునకు వెఱచి బడి మానిన పిల్లలు మన యూరిలో నున్నారు. వారు బుద్ధిహీనులు కారు. సంతలో బేరమాడి, పైసలతో లెక్క అప్పగించువారు వారే. కావున నా మనవి యొక్కటి. వారమున కొక సాయంకాలము, చదువుకొన్న యువకులు ఇచ్చట పిల్లలను కూర్చుండబెట్టి చిన్న యింగ్లీషు కథ నొకదానిని చదివింపుడు. తప్పు పలికినవానిని చూచి నవ్వరాదు, నియమము ఇదియొక్కటే. వెనుక బల్లపై నేనును కూర్చుండి నేర్చుకొనెదను.

ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడిన ఈ సంస్థ, బడి మానిన పిల్లవానిని ఒక్కనినైనను మరల పుస్తకము చెంతకు చేర్చినచో మన యుత్సవము సార్థకమగును.