పెరుగుదల వేరు, చూపు వేరు



దెబ్బతిన్న కంటి నరం మళ్ళీ పెరుగుతుందా అన్న ఒక్క ప్రశ్ననే ఈ వేదిక మీద మీ ముందు ఉంచుతాను. రెటీనాలోని గాంగ్లియన్ కణాల నుంచి బయలుదేరే సుమారు 10 లక్షల పోగుల కట్టే మన కంటి నరం. శుక్లం వస్తే తీసి లెన్సు పెడతాం, కార్నియా చెడితే దాత ఇచ్చినది అమరుస్తాం. కానీ ప్రమాదంలో నరం నలిగినా, నీటికాసుల జబ్బులో మెల్లమెల్లగా క్షీణించినా పోయిన చూపును తెచ్చే వైద్యం మన చేతిలో లేదు. 1990ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన నేత్రవ్యాధుల అధ్యయనంలో, నీటికాసులు ఉన్నవారిలో అత్యధికులకు తమకు ఆ జబ్బు ఉన్న సంగతే తెలియదని తేలింది. నేను చెప్పదలచింది ఇది: ఈ నరం పెరగకపోవడం కణానికి చేతకాక కాదు, దాన్ని పట్టి ఉంచే సంకేతాలు ఉన్నాయి, వాటిని సడలిస్తే పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదలను చూపు అని పిలిచే హక్కు మనకు ఇంకా రాలేదు.

పెద్దయ్యాక మెదడులో, వెన్నుపాములో తెగిన నాడీమార్గాలు తిరిగి పెరగవని 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ నిర్ధారించారు. కంటి నరం కూడా మెదడులో భాగమే కాబట్టి ఆ తీర్పు దానికీ వర్తించింది. చేపల్లో, కప్పల్లో అదే నరం తెగినా మళ్ళీ పెరుగుతుంది కానీ, దాన్ని కింది జీవుల ప్రత్యేకతగా పక్కన పెట్టారు. 1980లలో మాంట్రియల్‌లో ఆల్బర్ట్ అగ్వాయో బృందం ఎలుక కాలి నరం ముక్కను తెచ్చి కంటికి అతికించింది. గాంగ్లియన్ కణాల పోగులు కొన్ని ఆ ముక్క గుండా దూరం ప్రయాణించాయి, కొన్ని మెదడును చేరి అక్కడి కణాలతో సంధానమూ కుదుర్చుకున్నాయి. అంటే అడ్డు పరిసరాల్లో ఉంది. జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ పోగులను చుట్టి ఉండే మైలిన్ పొరలో అలాంటి అడ్డును వెతికారు. 2000లో అలాంటి అడ్డుల్లో ఒకటైన నోగో అనే ప్రొటీన్ జన్యువు బయటపడింది. కానీ ఆ అడ్డు తొలగించినంత మాత్రాన పోగులు బారులు తీరి పెరగలేదు. కారణం కణంలోనే కొంత ఉంది. పుట్టుకకు కాస్త అటూ ఇటూగా, పక్కనున్న అమక్రైన్ కణాల నుంచి వచ్చే సంకేతంతో గాంగ్లియన్ కణాలు వేగంగా పెరిగే స్వభావాన్ని వదులుకుంటాయని 2002లో బెన్ బారెస్ ప్రయోగశాల చూపింది.

అక్కడి నుంచి అన్వేషణ కణం లోపలికి మళ్ళింది. 2008లో బోస్టన్‌లో జిగాంగ్ హె బృందం ఎలుక గాంగ్లియన్ కణాల్లో పీటెన్ అనే జన్యువును తొలగించింది. పీటెన్ ఒక కళ్ళెం. అది వదులైతే ప్రొటీన్ల తయారీని నడిపించే ఎమ్‌టార్ మార్గం చురుకవుతుంది. నలిగిన నరంలో పోగులు పెరిగాయి. 2011లో దానితోపాటు సాక్స్3 అనే మరో కళ్ళెమూ తీసేస్తే పెరుగుదల వారాల తరబడి నిలిచింది. మరో వైపు లారీ బెనోవిట్జ్ బృందం కంటిలో వాపు పుట్టినప్పుడు చేరే రక్షక కణాలు ఆంకోమాడ్యులిన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయని, అది నరాన్ని పెంచుతుందని 2006లో చెప్పింది. వాపు ఎప్పుడూ హానికరమే అని నేర్చుకున్న వైద్యులకు ఇది మింగుడు పడడానికి సమయం పట్టింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది డీఎల్‌కే అనే ఎంజైమ్. నరం నలిగితే ఎలుకలో రెండు వారాల్లో సుమారు 80 శాతం గాంగ్లియన్ కణాలు చనిపోతాయి. ఆ చావును ప్రేరేపించే కబురును మోసే వాటిలో డీఎల్‌కే ముఖ్యమైనది. దాన్ని ఆపితే ఎక్కువ కణాలు బతుకుతాయి. కానీ పీటెన్ తీసేసిన కణాల్లో కూడా డీఎల్‌కే లేకపోతే పోగు పెరగదు. దెబ్బ తగిలిందన్న ఒకే వార్త, కణం చావాలా పెరగాలా అన్న రెండు దారులనూ తెరుస్తుంది. కాబట్టి ఫలానా అణువు మంచిది, ఫలానాది చెడ్డది అని పట్టికలు వేసుకునేవారిని నేను నమ్మను. ఏ కణంలో, ఏ సమయంలో, ఏ తోడుతో అన్నది కలిపి చెప్పాలి.

పీటెన్ కణితులను అడ్డుకునే జన్యువు కదా, దాన్ని తీసేయడం ప్రమాదం కాదా అని అడుగుతారు. నిజంగా ప్రమాదమే, అందుకే శాశ్వతంగా తొలగించడం చికిత్స కాజాలదు, కొద్దికాలం సడలించే ఉపాయం కావాలి. ఎలుక నరం కొన్ని మిల్లీమీటర్లు, మనిషిది దాదాపు 50 మిల్లీమీటర్లు అన్న అభ్యంతరమూ సరైనదే. నా దృష్టిలో అసలు చిక్కు మాత్రం దూరం కాదు, చిరునామా. 1940లలో రోజర్ స్పెర్రీ ఉభయచరాల కన్ను తలకిందులుగా తిప్పి నరం కోస్తే, పోగులు మెదడులో తమ పాత చోటికే చేరాయి. ఆ జీవి ఎర పైన ఉంటే కిందికి దూకింది. క్షీరదాల్లో అంత కచ్చితత్వం కనబడలేదు. 2012లో పీటెన్ తొలగింపు, వాపు, కణంలో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎమ్‌పీ అణువు మూడూ కలిపి ఎలుకల్లో పోగులను మెదడు దాకా తెచ్చామని, కొన్ని సరళమైన దృష్టి స్పందనలు తిరిగొచ్చాయని బెనోవిట్జ్ బృందం ప్రకటించింది. తర్వాత ఇతరులు మొత్తం నరాన్ని త్రిమితీయంగా పరిశీలిస్తే దారి తప్పిన పోగులు చాలా కనబడ్డాయి. 2016లో మరో సంగతి బయటపడింది: మెదడుకు దగ్గరగా కోసిన చోటు నుంచి పెరిగి, గమ్యం చేరి, సంధానం కుదుర్చుకున్న పోగులు కూడా మైలిన్ పొర లేక సంకేతాలను సరిగా మోయలేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో వాడే 4-అమైనోపిరిడిన్ ఇస్తే ఎలుకల చూపు కొంత మెరుగైంది.

శుక్లాల ఆపరేషన్ అందని ఊళ్ళుండగా ఈ ఖర్చు ఎందుకన్న ప్రశ్నకు గౌరవంతోనే జవాబిస్తాను. శుక్లాలకు ఆపరేషన్ ఉంది, దాన్ని ఊరూరా చేర్చడం పరిపాలన పని. నరానికి చేర్చడానికే ఏమీ లేదు. అది ప్రయోగశాలలోనే పుట్టాలి.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో పరిశోధనకు వెళ్ళేవారు ఏదైనా పత్రంలో పెరిగిన పోగుల లెక్క చూసినప్పుడు, ఎన్ని గమ్యం చేరాయి, ఎన్నింటికి మైలిన్ పట్టింది, జంతువు దేన్ని చూడగలిగింది అని వరుసగా అడగండి. వైద్యం చేసేవారిని నీటికాసుల రోగి చూపు మళ్ళీ వస్తుందా అని అడుగుతాడు. మూలకణాల సూదితో నరం బాగుచేస్తామనే ప్రకటన అతని చేతిలో ఉండవచ్చు. పోయింది తెచ్చే మందు ఇవాళ లేదని, ఉన్నది నిలబెట్టే చుక్కలు రోజూ వేసుకోవాలని, ఆ ప్రకటనకు రుజువు లేదని, ప్రయోగశాలల్లో జరుగుతున్న పని మాత్రం నిజమేనని నాలుగూ అతనికి అర్థమయ్యే తెలుగులో చెప్పండి.