నడపడం నేర్చుకోండి

 

స్నాతకోత్సవంలో ఆటల ముచ్చటేమిటని పెద్దలకు అనిపించవచ్చు. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది హాస్టల్ గదుల్లో రాత్రిళ్లు మైన్‌క్రాఫ్ట్ ఆడినవాళ్లే. ఆడటం సరే, పదిమంది వచ్చి ఆడుకునే సర్వర్ ఒకటి పెట్టి చూశారా? అంత తక్కువ ఖర్చుతో అన్ని పాఠాలు నేర్పే పని నాకు మరొకటి కనిపించలేదు.

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎక్స్‌టర్నల్ ముందు కాసేపు పనిచేస్తే చాలు, మార్కులు పడ్డాయి. సర్వర్‌కి మాత్రం మొదలుపెట్టిన రోజే పరీక్ష మొదలవుతుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఇందులో ఆ రెండూ ఉన్నాయి. తయారుచేయడం మీకు ఇక్కడ నేర్పారు. తయారైనదాన్ని రోజూ నడపడం మీరే నేర్చుకోవాలి.

ముందు కట్టడం సంగతి. సర్వర్ ప్రోగ్రామును ఈ ఆట తయారుచేసిన మొజాంగ్ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. ఇంట్లో పాత కంప్యూటర్ మీద నడుపుదామంటే, మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు చాలావరకు పలువురికి కలిపి ఇచ్చిన ఐపీ అడ్రస్ వెనక ఉంటాయి; బయటివాళ్లు నేరుగా లోపలికి రాలేరు. కాబట్టి చిన్న సర్వర్ అద్దెకు తీసుకోవడమే సులువు. చదివిన చదువు అక్కరకొచ్చేది అక్కడే. ఈ ఆటలో సర్వర్ ఆ ప్రపంచాన్నంతా సెకనుకు 20 సార్లు లెక్కగడుతుంది. ఒక్కో లెక్కకు 50 మిల్లీసెకన్ల గడువు. గడువు దాటితే అందరికీ ఆట నెమ్మదిస్తుంది. ఆ పనిలో ప్రధాన భాగం ఒకే థ్రెడ్ మీద సాగుతుంది కనుక, కోర్లు ఎన్నున్నాయని కాదు, ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందని అడగండి.

అద్దె తక్కువని ఐరోపాలో తీసుకుంటే? ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి రానూపోనూ 10 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నుంచి ముంబయి 600 కిలోమీటర్ల పైచిలుకు, ఫ్రాంక్‌ఫర్ట్ దాదాపు 7,000. ఫ్రాంక్‌ఫర్ట్ సర్వర్‌కి 70 మిల్లీసెకన్లు దారిలోనే ఖర్చు. కేబుల్ వంకరలు తిరుగుతుంది కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే. డబ్బు తగ్గించుకోవచ్చు గానీ, దూరాన్ని బేరమాడలేం.

ఇక జనాన్ని పిలవడం. ఎవరూ లేని సర్వర్‌లో ఎవరూ నిలవరు. ప్రకటనకు డబ్బు పోస్తే వంద మంది రావచ్చు. కానీ రోజంతా తలా ఒక వేళకి వస్తే, ప్రతి ఒక్కరికీ అది ఖాళీగానే కనిపిస్తుంది. అదే పదిమంది శనివారం రాత్రి తొమ్మిదింటికి కలిస్తే సందడి. కాబట్టి చేతిలో డబ్బు లేనివాడు వేళ నిర్ణయించాలి, చెప్పిన వేళకి తాను ముందుండాలి, వచ్చినవాళ్లని పేరుపెట్టి పలకరించాలి. 2013లో హైపిక్సెల్ అనే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ మొదలుపెట్టిన సైమన్ కాలిన్స్-లాఫ్లామ్, ఫిలిప్ టుషెట్ అంతకుముందే ఆట మ్యాపులు తయారుచేసి అందరికీ ఇచ్చారు. సర్వర్ తెరిచేనాటికే వాళ్ల పనితనం తెలిసిన జనం ఉన్నారు. ముందు ఏదో ఒకటి ఇచ్చినవాడి పిలుపుకే విలువ.

నాలుగు రూపాయలు వచ్చే దశలో నిగ్రహం కావాలి. డబ్బు కట్టినవాడికి ఆటలో పదునైన కత్తి ఇస్తే, కట్టనివాడు వెళ్లిపోతాడు. అలాంటి అమ్మకాలు తన నిబంధనలకు విరుద్ధమని మొజాంగ్ 2014లోనే తేల్చిచెప్పింది. ఆటలో పైచేయి ఇవ్వని వేషాలు, అలంకారాలు అమ్ముకోవచ్చు. డబ్బు పందేల జోలికి అసలే పోకండి. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడించే ఆటలను 2025 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆ దిశగా చట్టాలు చేశాయి.

పోటీని కూలగొట్టి పైకి రావాలనుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో మీ వయసు యువకులు ముగ్గురు మిరాయ్ అనే ప్రోగ్రాము రాసి, లోకమంతటా ఉన్న కెమెరాలను, రౌటర్లను లోబరచుకున్నారు. వాటితో దాడి చేసినవాటిలో మైన్‌క్రాఫ్ట్ సర్వర్లూ ఉన్నాయి. 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. వాళ్ల తెలివికి లోటు లేదు. తెలివిని దేనికి వాడకూడదో చెప్పుకునే నిగ్రహమే కరువైంది.

రోజువారీ పని ఇంకా ఉంది. బ్యాకప్ తీస్తే సరిపోదు, దాన్ని తిరిగి ఎక్కించి చూడాలి. చాట్‌లో బూతులు తిట్టినవాడు మీ ప్రాణస్నేహితుడైనా బయటికి పంపాలి. అక్కడ ఆడేవాళ్లలో పన్నెండేళ్ల పిల్లలూ ఉంటారు. ఈ పనులకు సర్టిఫికెట్ రాదు, చప్పట్లూ పడవు. అయినా ఆసుపత్రి, బ్యాంకు, కరెంటు ఆఫీసు, బడి నడిచేది ఇలాంటి పనుల మీదే.

రేపు మీరు ఏ కొలువులో చేరినా, పదిమందికి పనికొచ్చేది ఒకటి సొంతంగా నడపండి. అది ఆట సర్వరే కావచ్చు, మీ ఊరి గ్రంథాలయం జాబితా కావచ్చు. చిన్నదిగా మొదలుపెట్టండి, ఒక ఏడాదిపాటు ఆగకుండా నడపండి. ఇంటర్వ్యూలో మీ పట్టా చూసి లోపలికి పిలుస్తారు. ఆ ఏడాది ఏం చేశారో విన్నాక పని అప్పజెబుతారు.